అకౌంటింగ్‌లోకి మారాలంటే: సీఏ, సీఎంఏ, సీపీఏ, ఈఏలలో మీ డిగ్రీకీ మీ జేబుకీ ఏది సరిపోతుంది?

అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏదో ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్లి "అకౌంట్స్ లైన్‌లోకి మారదామనుకుంటున్నాను" అనండి. ముందు కోర్సు ఫీజు చెబుతారు. తర్వాత వాయిదాల సంగతి, ఆపైన వచ్చే జీతాల సంగతి. మీరు చేసిన డిగ్రీ ఏంటి, ఎన్నేళ్లది, అందులో అకౌంట్స్ పేపర్లు ఎన్ని అనే ప్రశ్న ఎక్కడో చివర్లో, ఫారం నింపేటప్పుడు వస్తుంది. ఖర్చంతా తేలేది మాత్రం ఆ చివరి ప్రశ్న దగ్గరే. దాన్ని మొదటికి తెచ్చుకుంటే లక్షల్లో తేడా వస్తుంది.

ముందే ఒక మాట. నేను హైటెక్ సిటీ వైపు అమెరికా టాక్స్ పని చేసే టీముల్లో ఉంటాను, కొత్తగా చేరడానికి వచ్చేవాళ్ల రెజ్యూమేలు చూస్తుంటాను. కాబట్టి నా మొగ్గు కొంచెం అటువైపే ఉంటుంది. అది మనసులో పెట్టుకునే చదవండి.

ముందు తేల్చుకోవాల్సినవి రెండే

మొదటిది, మీ సంతకం ఎక్కడ చెల్లాలి? మన దేశంలో కంపెనీల ఆడిట్ రిపోర్టు మీద, టాక్స్ ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్‌కే (సీఏ) ఉంది. కంపెనీల చట్టం కింద కాస్ట్ ఆడిట్ (తయారీ ఖర్చుల తనిఖీ) చేసేది మన దేశపు సీఎంఏ, అంటే కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్. అమెరికాలో ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన సీపీఏ (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్) లైసెన్స్ కావాలి. అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ ముందు పన్ను కట్టేవాళ్ల తరఫున మాట్లాడాలంటే ఈఏ, అంటే ఎన్‌రోల్డ్ ఏజెంట్ అయినా సరిపోతుంది. బ్రిటన్ సంస్థ ఇచ్చే ఏసీసీఏ, అమెరికా సంస్థ ఇచ్చే అమెరికన్ సీఎంఏ మంచి చదువులే, ఉద్యోగాలకు పనికొస్తాయి. కానీ వాటితో మన దగ్గర ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టలేరు. "మనూరు వెళ్లి సొంతంగా ఆఫీసు పెట్టుకుంటా" అని ఏసీసీఏలో చేరే వాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

రెండోది, మీ జీతం ఎన్నాళ్లు ఆగినా ఇల్లు గడుస్తుంది? ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇది పెద్ద ప్రశ్న కాదు. ముప్ఫై మూడేళ్లు వచ్చి, మియాపూర్‌లో ఫ్లాట్‌కి ఈఎంఐ కడుతూ, పిల్లాడి స్కూల్ ఫీజు కడుతున్నవాళ్లకి అసలు ప్రశ్న ఇదే. కోర్సు ఫీజులు దీని ముందు చిల్లర.

సీఏ: ఫీజు తక్కువ, ఖరీదు ఎక్కువ

డిగ్రీ ఉన్నవాళ్లకి సీఏలో డైరెక్ట్ ఎంట్రీ ఉంది. కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం ఉంటే మొదటి దశ ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏలో రెండో దశ అయిన ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. బి.టెక్ వాళ్లూ, బి.ఎస్సీ వాళ్లూ ఇలా రావచ్చని చాలామందికి తెలియదు. ఆ శాతం లేకపోతే ఫౌండేషన్ నుంచే మొదలు.

2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఇంటర్‌కి ఆరు, ఫైనల్‌కి ఆరు పేపర్లు. ఒక్కో పేపర్‌లో 40, గ్రూపు మొత్తంలో 50 శాతం రావాలి. ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర చేసే శిక్షణ, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఇన్‌స్టిట్యూట్‌కి కట్టే డబ్బు ఆశ్చర్యంగా తక్కువ: డైరెక్ట్ ఎంట్రీకి ఇంటర్ రిజిస్ట్రేషన్ దాదాపు 18 వేలు, ఫైనల్‌కి ఇరవై వేల పైచిలుకు, మధ్యలో చేయాల్సిన ఐటీ, ఓరియెంటేషన్ శిక్షణలు, పరీక్ష ఫీజులు అన్నీ కలిపినా మొదటి ప్రయత్నంలోనే పాసైతే లక్షలోపే తేలుతుంది. స్టడీ మెటీరియల్ ఐసీఏఐ (సీఏల ఇన్‌స్టిట్యూట్) వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. వాళ్ల ఉచిత ఆన్‌లైన్ క్లాసులూ ఉన్నాయి. కోచింగ్ ఎవరికి వాళ్లు ఎంచుకునేది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా ఆర్టికల్‌షిప్‌లో ఉంది. ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాక రెండేళ్లు ఒక సీఏ దగ్గర పూర్తిస్థాయిలో పనిచేయాలి, ఆ కాలంలో వేరే ఉద్యోగం కుదరదు. స్టైపెండ్ ఇస్తారు గానీ అది నెలకు కొన్ని వేలే. ఇప్పుడు మీ జీతం 40 వేలు అనుకుందాం. రెండేళ్లకి 9 లక్షల 60 వేలు. స్టైపెండ్ తీసేసినా ఎనిమిది లక్షల దాకా మీ చేతికి రాకుండా పోయినట్టే. ఆ తర్వాత ఫైనల్ రాయడానికి ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఫైనల్ ఒకటి రెండు సార్లు పోవడం ఈ లైన్‌లో వింతేమీ కాదు.

అలాగని సీఏ వద్దనడం లేదు. ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉండి, మీకు ఇక్కడే సొంత ప్రాక్టీసు పెట్టాలనే పట్టుదల ఉంటే దీనికి సాటి లేదు. హిమాయత్‌నగర్‌లోనో అబిడ్స్‌లోనో ఒక చిన్న ఫర్మ్‌లో చేరితే బ్యాంకు ఆడిట్, జీఎస్టీ నోటీసులు, రైసుమిల్లు స్టాక్ లెక్క, అపార్ట్‌మెంట్ సొసైటీ పద్దులు అన్నీ చేతిమీదుగా పోతాయి. ఆ పని పుస్తకాల్లో దొరకదు. ఇంటర్ దాకా ఉద్యోగం మానాల్సిన అవసరం లేదన్నది ఇంకో సంగతి. ఉద్యోగంలో ఉంటూనే ఇంటర్ రాసి, రెండు గ్రూపులూ పాసైతేనే మానాలా వద్దా అని ఆలోచించొచ్చు. ఫౌండేషన్, ఇంటర్ ఇప్పుడు జనవరి, మే, సెప్టెంబర్ అని ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి కాబట్టి ఒక అటెంప్ట్ పోయినా మునుపటిలా ఆర్నెల్లు ఎదురుచూడక్కర్లేదు.

మన సీఎంఏ: ఎవరూ పట్టించుకోని దారి

ఐసీఎంఏఐ (కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్) వారి కోర్సు. ఏ డిగ్రీ ఉన్నా ఫౌండేషన్ అక్కర్లేదు. ఇంటర్ ఎనిమిది, ఫైనల్ ఎనిమిది పేపర్లు, జూన్‌లో, డిసెంబర్‌లో పరీక్షలు. రెండు దశల రిజిస్ట్రేషన్లూ ఒక్కోటి ఇరవై వేల పైన పడతాయి, మొత్తం లక్షలోపే. ప్రాక్టికల్ ట్రైనింగ్ 15 నెలలు. అకౌంట్స్, కాస్టింగ్ పనిలో ఉన్నవాళ్లు తమ ఉద్యోగాన్నే శిక్షణగా చూపించుకునే వీలుంది, సీఏకీ దీనికీ అసలు తేడా అదే. పటాన్‌చెరు, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో, ఫార్మా కంపెనీల్లో అకౌంట్స్ చూస్తున్నవాళ్లకి, ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లకి ఎదురుచూస్తున్నవాళ్లకి ఇది సరిగ్గా సరిపోతుంది. పెళ్లి సంబంధాల్లో సీఏకి ఉన్న గ్లామర్ దీనికి లేదు, అంతే.

సీపీఏ: పరీక్ష కన్నా క్రెడిట్లే కష్టం

హైదరాబాద్‌లో బిగ్ ఫోర్ అనే నాలుగు పెద్ద ఆడిట్ సంస్థల అమెరికా ఆడిట్, టాక్స్ బృందాలు పెద్ద ఎత్తున ఉన్నాయి. దానికి తోడు అమెరికన్ కంపెనీల సొంత ఫైనాన్స్ కేంద్రాలు. అందుకే సీపీఏ మాట ఇక్కడ ఇంతగా వినిపిస్తుంది. 2020 నుంచి ఈ పరీక్ష మన దేశంలోనే రాయొచ్చు, హైదరాబాద్‌లోనూ దానికి ప్రోమెట్రిక్ అనే పరీక్షా కేంద్రం ఉంది. 2024 జనవరి నుంచి పద్ధతి మారింది: ఆడిట్, ఫైనాన్షియల్ అకౌంటింగ్, రెగ్యులేషన్ అనే మూడు అందరికీ తప్పనిసరి, నాలుగోది మూడు ఐచ్ఛికాల్లో ఒకటి. ఒక్కో పేపర్ నాలుగు గంటలు, 75 వస్తే పాస్. మొదటి పేపర్ పాసయ్యాక మిగతావి 18 నెలల్లో ముగించాలనే పాత గడువును చాలా రాష్ట్రాలు 30 నెలలకు పెంచాయి. ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లకి ఇది పెద్ద ఊరట.

ఇక అసలు విషయం. సీపీఏకి అమెరికా మొత్తానికీ ఒకే నిబంధన లేదు. పరీక్ష ఒకటే, అర్హతలు మాత్రం రాష్ట్రానికో తీరు. అక్కడి లెక్క క్రెడిట్లలో, అంటే చదివిన కోర్సులకి ఇచ్చే పాయింట్లలో ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో పరీక్ష రాయడానికి 120 క్రెడిట్లు, లైసెన్స్‌కి 150 అనేది ఏళ్ల తరబడి నడిచిన సూత్రం. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం కోచింగ్ ప్రకటనల్లో మామూలే. "సీపీఏ పాస్" వేరు, "సీపీఏ లైసెన్స్" వేరు. నాలుగు పేపర్లు పాసై, క్రెడిట్లు చాలక లైసెన్స్ లేకుండా ఉండిపోయినవాళ్లు మన మధ్యే ఉన్నారు.

150 క్రెడిట్ల నిబంధన 2025 నుంచి సడలుతోంది. డిగ్రీ, రెండేళ్ల అనుభవం, పరీక్ష పాస్, ఈ మూడూ ఉంటే చాలనే దారిని ఒహాయో మొదలుకొని ఒక్కో రాష్ట్రమూ చట్టంలో పెడుతోంది. టెక్సాస్, వర్జీనియా కూడా ఆ చట్టం చేశాయి. అమలు తేదీలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. దీని వల్ల మనకి మేలు ఏంటంటే, ఇదివరకు "ఇంకో 30 క్రెడిట్ల కోసం" కట్టే డబ్బు కొందరికి మిగులుతుంది. కానీ ఇక్కడ "డిగ్రీ" అంటే అమెరికన్ డిగ్రీకి సమానమైనది అని అర్థం. మన మూడేళ్ల డిగ్రీతో ఉన్న పేచీ అలాగే ఉంది.

ఆ పేచీ కొంచెం దగ్గరగా చూద్దాం. ఉస్మానియా బి.కాం కంప్యూటర్స్ చేసినవాళ్ల మార్కుల మెమో తీసుకోండి. మూడేళ్లు. ఏడాదికి 30 చొప్పున 90 క్రెడిట్లుగా లెక్కగట్టడం మామూలు. మీ మెమో మీద సీబీసీఎస్ క్రెడిట్లు అని వేరే అంకె కనిపిస్తుంది, దాన్ని చూసి సంబరపడకండి, అది అమెరికా క్రెడిట్ కాదు. ఆ 90లో ఫైనాన్షియల్ అకౌంటింగ్, కార్పొరేట్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, ఇన్‌కమ్ టాక్స్, ఆడిటింగ్ లాంటివి అకౌంటింగ్ ఖాతాలోకి వెళ్తాయి. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, బిజినెస్ లా లాంటివి బిజినెస్ ఖాతాలోకి. ఇంగ్లీషు, తెలుగు, పర్యావరణం పేపర్లు మొత్తంలో కలుస్తాయి గానీ ఆ రెండు ఖాతాల్లో కలవవు. చాలా రాష్ట్రాలు అకౌంటింగ్‌లో 24 నుంచి 30, బిజినెస్‌లో 24 చుట్టుపక్కల అడుగుతాయి. బి.కాం వాళ్లకి ఈ విడి లెక్కలు ఇంచుమించు సరిపోతాయి, మొత్తం లెక్క చాలదు.

బి.టెక్ వాళ్లది సరిగ్గా తలకిందులు. నాలుగేళ్లు కాబట్టి 120 దగ్గరకి వస్తారు, అకౌంటింగ్ ఖాతా మాత్రం దాదాపు ఖాళీ. మేనేజీరియల్ ఎకనామిక్స్ అని ఒక పేపర్ ఉంటుంది చూడండి, ఇంజనీరింగ్‌లో అందరూ పరీక్ష ముందు రాత్రి చదివేది, అదొక్కటే కాస్త పనికొచ్చేది.

ఈ రెండు రకాల లోటునీ చవకగా పూడ్చేది దూరవిద్యలో ఎం.కాం. రెండేళ్ల పీజీ కలిస్తే బి.కాం వాళ్లు 90, 60 కలిపి 150 దాకా వస్తారు. జూబ్లీహిల్స్‌లోని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో, ఉస్మానియా దూరవిద్య కేంద్రం, ఈ మూడింటిలో ఎక్కడ చేసినా ఫీజు వేలల్లోనే ఉంటుంది, లక్షల్లోకి పోదు. బి.టెక్ వాళ్లు చూసుకోవాల్సింది ప్రవేశ అర్హత. కొన్ని చోట్ల ఎం.కాంకి కామర్స్ డిగ్రీయే అడుగుతారు, కొన్ని చోట్ల ఏ డిగ్రీ అయినా తీసుకుంటారు. ప్రాస్పెక్టస్‌లో మొదటి పేజీల్లోనే ఉంటుంది. ఆ ఏడాదికి ఆ కోర్సుకి యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందో లేదో కూడా చూడాలి, లేని కోర్సుని అమెరికా వాళ్లూ లెక్కించరు, మన వాళ్లూ లెక్కించరు.

కోచింగ్ సెంటర్లు ఇదే లోటుకి "బ్రిడ్జి కోర్సు" అమ్ముతాయి. ఏదో యూనివర్సిటీతో ఒప్పందం, కొన్ని నెలల్లో క్రెడిట్లు, ఎం.కాంకి అయ్యేదానికి కొన్ని రెట్లు ఎక్కువ ఫీజు. తొందర ఉన్నవాళ్లకి అది తప్పు కాదు. కానీ కట్టేముందు ఒకే ఒక్క పని చేయండి: మీరు ఎంచుకున్న రాష్ట్రం పేరు చెప్పి, "ఈ క్రెడిట్లు ఆ రాష్ట్రంలో లైసెన్స్‌కి చెల్లుతాయి" అని ఈమెయిల్‌లో రాసిమ్మనండి. నోటిమాటగా చెప్పినంత ధైర్యంగా రాసిచ్చేవాళ్లు తక్కువ.

ఇంకా మంచిది, కోచింగ్‌లో చేరకముందే మీ సర్టిఫికెట్లను ఎవాల్యుయేషన్‌కి, అంటే అమెరికా క్రెడిట్లలోకి లెక్కగట్టించడానికి పంపడం. అమెరికా రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డుల సంఘం నాస్బాకే ఎన్ఐఈఎస్ అనే ఎవాల్యుయేషన్ విభాగం ఉంది. ఇరవై, ముప్ఫై వేల లోపు ఖర్చుతో మీ లోటు ఎంతో అంకెతో సహా తెలుస్తుంది. మూడేళ్ల డిగ్రీకి ఒక్కోసారి మీరనుకున్నదానికన్నా ఎక్కువే రావచ్చు, తక్కువే రావచ్చు. రెండు విధాలా తెలుసుకోవడం లాభమే.

డబ్బు మొత్తం ఎంత? పరీక్ష ఫీజులు, అమెరికా బయట రాస్తున్నందుకు పేపర్‌కి ఇంత అని కట్టే అదనపు ఫీజు, ఎవాల్యుయేషన్, దరఖాస్తు, ఇవన్నీ కలిపి డాలర్ ధరని బట్టి రెండున్నర లక్షల అటూఇటూ. కోచింగ్ దీనికి అదనం, సాధారణంగా లక్ష దాటుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. కౌంటర్‌లో చెప్పే ఫీజులో జీఎస్టీ ఉందో లేదో అడగండి. ఒక పేపర్ తప్పితే ఆ పేపర్ ఫీజు, అదనపు ఫీజు మళ్లీ మొదటి నుంచి. లైసెన్స్ వచ్చాక కూడా చాలా రాష్ట్రాల్లో ఏడాదికి సగటున 40 గంటల చదువు చూపించాలి, రెన్యూవల్ కట్టాలి.

సీఏతో పోలిస్తే ఫీజు మూడు నాలుగు రెట్లు. కానీ జీతం ఒక్క నెల కూడా ఆగదు. పైగా లైసెన్స్‌కి కావాల్సిన అనుభవాన్ని లైసెన్స్ ఉన్న సీపీఏ ఒకరు ధ్రువీకరించాలి. అలాంటి మేనేజర్లు హైదరాబాద్ ఆఫీసుల్లోనే ఉంటారు కాబట్టి ఇక్కడ కూర్చునే ఆ అనుభవం సంపాదించొచ్చు. చాలా ఊళ్ల వాళ్లకి లేని సౌకర్యం ఇది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అక్కలు, వదినలు ఇదే ప్రశ్న అడుగుతుంటారు. వాళ్లకి దారి వేరు. లోటున్న క్రెడిట్లను దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో తీసుకుంటే పెద్ద యూనివర్సిటీలో కన్నా చాలా తక్కువలో అయిపోతుంది. కాకపోతే కొన్ని రాష్ట్రాలు కొన్ని అకౌంటింగ్ సబ్జెక్టులు పై స్థాయివే ఉండాలంటాయి, ఆ రాష్ట్ర బోర్డు జాబితా ముందు చూసుకోవాలి.

ఈఏ: నేనైతే ఇక్కడ మొదలుపెట్టమంటాను

ఈఏకి డిగ్రీ నిబంధనే లేదు. క్రెడిట్లు లేవు, ఎవాల్యుయేషన్ లేదు. ఐఆర్ఎస్ పెట్టే మూడు భాగాల పరీక్ష: వ్యక్తుల పన్నులు, వ్యాపారాల పన్నులు, ప్రాతినిధ్యం. ఒక్కోటి మూడున్నర గంటలు, వంద ప్రశ్నలు, అన్నీ బహుళైచ్ఛికాలే. ఒక భాగం పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. మూడు భాగాలకీ ఫీజులు 70, 80 వేల మధ్య. మే 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా రాయొచ్చు, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉండదు.

ముందు పీటీఐఎన్, అంటే పన్ను రిటర్నులు తయారుచేసేవాళ్లకి ఐఆర్ఎస్ ఇచ్చే నంబర్ తీసుకోవాలి. అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లు 8946 అనే అదనపు ఫారం పెట్టి, పాస్‌పోర్ట్ నకలు జత చేయాలి. ఇది వారాల తరబడి నడిచే వ్యవహారం, కాబట్టి చదువు మొదలుపెట్టిన రోజే దరఖాస్తు పెట్టేయండి. పాసయ్యాక మూడేళ్లకోసారి 72 గంటల చదువు చూపించాలి.

దీని పరిమితి స్పష్టం: ఇది పన్నులకే. ఆడిట్‌లోకి, కార్పొరేట్ అకౌంటింగ్‌లోకి దీనితో వెళ్లలేరు. సీజన్‌లో పని గంటలు దారుణంగా ఉంటాయి, అమెరికా గడువులు మనకి రాత్రి షిఫ్టులుగా వస్తాయి. అయినా లైన్ మారేవాళ్లకి ఇది నాకు నచ్చడానికి కారణం ఒకటుంది. లక్షన్నర పెట్టి సీపీఏలో చేరాక "ఈ పని నాకు పడదు" అని తెలుసుకోవడం కన్నా, ఈఏ మొదటి భాగం చదివేటప్పుడే ఆ సంగతి తెలిసిపోతుంది. పడుతుందనిపిస్తే దానితోనే ఉద్యోగంలో చేరి, కంపెనీ ఫీజు తిరిగిచ్చే పాలసీ ఉంటే ఆ డబ్బుతో సీపీఏ రాయొచ్చు. ఈ మధ్యలో ఎం.కాం కూడా అయిపోతుంది.

అమెరికన్ సీఎంఏ, ఏసీసీఏ

అమెరికన్ సీఎంఏకి రెండే భాగాలు, 500కి 360 రావాలి, ఏ డిగ్రీ అయినా చాలు, సంబంధిత పనిలో రెండేళ్ల అనుభవం ఉంటే సర్టిఫికెట్ ఇస్తారు. క్రెడిట్ల గొడవ లేదు కాబట్టి బి.టెక్ వాళ్లని ఇది ఆకర్షిస్తుంది. ఫీజులు, సభ్యత్వం కలిపి లక్ష పైచిలుకు. బడ్జెటింగ్, ఎఫ్‌పీఅండ్‌ఏ (ఆర్థిక ప్రణాళిక, విశ్లేషణ) లాంటి పనుల్లో ఇప్పటికే ఉన్నవాళ్లకి మంచిది. అనుభవం ఏమీ లేకుండా ఈ ఒక్క సర్టిఫికెట్‌తో వచ్చే రెజ్యూమేలు మాత్రం పక్కకి పోతున్నాయి.

ఏసీసీఏకి 13 పేపర్లు, మూడేళ్ల అనుభవం. బి.కాం ఉంటే కొన్నింటికి మినహాయింపు దొరుకుతుంది, సీఏ ఇంటర్ పాసైనవాళ్లకి ఇంకా ఎక్కువ. మినహాయింపులు లేనివాళ్లకి పౌండ్లలో ఫీజులు, ఏటా చందా కలిపి రెండున్నర నుంచి మూడున్నర లక్షలు. దుబాయ్, లండన్ వైపు చూసేవాళ్లకి సరే. హైదరాబాద్‌లో అమెరికా పనికి దీనికన్నా సీపీఏ, ఈఏలకే గిరాకీ. దీనికింతకన్నా ఎక్కువ చోటు అక్కర్లేదనుకుంటాను.

అన్నిటికన్నా చవకైనది

జీఎస్టీ ప్రాక్టీషనర్. కామర్స్, లా, బ్యాంకింగ్, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీల్లో ఏదున్నా జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేసుకుని, కేంద్ర పరోక్ష పన్నుల శిక్షణ సంస్థ నాసిన్ పెట్టే పరీక్ష పాసవ్వాలి. పరీక్ష ఫీజు వందల్లో. బి.టెక్ తర్వాత ఎంబీఏ చేసినవాళ్లూ దీనికి అర్హులే. కొత్తపేటలోనో కూకట్‌పల్లిలోనో నలుగురు దుకాణదారుల రిటర్నులు వేస్తూ, టాలీ చేతికి అలవాటు చేసుకుంటూ, ఇంట్లోంచే మొదలుపెట్టొచ్చు. దీంతో పెద్ద జీతం రాదు. పిల్లల వల్ల కొన్నేళ్లు ఉద్యోగం మానేసిన ఆడవాళ్లకి మాత్రం, రెజ్యూమేలో ఖాళీని పూడ్చడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చు దారి నాకు కనిపించలేదు.

ఎవరికి ఏది

బి.కాం చేసి, ఏదో కంపెనీలో బిల్లులు, పేమెంట్లు చూస్తూ పాతిక, ముప్ఫై వేల దగ్గర ఆగిపోయినవాళ్లు: ఇప్పుడే దూరవిద్యలో ఎం.కాంలో చేరండి, పక్కన ఈఏ రాయండి. ఎం.కాం అయ్యేసరికి సీపీఏ రాయాలో, మన సీఎంఏ రాయాలో మీ పనే చెబుతుంది.

బి.టెక్ చేసి టెస్టింగ్‌లోనో సపోర్ట్‌లోనో విసిగిపోయినవాళ్లు: ముందు అకౌంటింగ్ మీకు నచ్చుతుందో లేదో చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఫైనాన్షియల్ అకౌంటింగ్ కోర్సులు ఉచితం. డెబిట్, క్రెడిట్ దగ్గరే తల తిరిగితే అక్కడితో ఆగినా నష్టం లేదు. నచ్చితే సీపీఏలో ఐఎస్‌సీ అనే ఐచ్ఛికం ఉంది, ఐటీ కంట్రోళ్లు, సిస్టమ్స్ ఆడిట్ గురించి. మీ పాత అనుభవం వృథా పోని చోటు అది. అకౌంటింగ్ క్రెడిట్లు మాత్రం సంపాదించాల్సిందే.

డిగ్రీ అయిపోయి ఒకటి రెండేళ్లే అయి, ఇంటి బాధ్యతలు లేనివాళ్లు: సీఏ. వయసులో ఉన్నప్పుడు ఆర్టికల్‌షిప్‌కి పోయే జీతం తక్కువ.

కాగితాలూ, ఇంటిపేర్లూ

మన తెలుగు వాళ్లకి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీ మెమోలో ఒక్క అక్షరం ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మొత్తం విడిగా సర్‌నేమ్ గడిలో, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారింటి పేరు. ప్రోమెట్రిక్ సెంటర్‌లో సీపీఏకి మనవాళ్లు చూపించాల్సింది పాస్‌పోర్టే, దాని మీద పేరూ పరీక్ష పిలుపు పత్రం మీద పేరూ అక్షరం పొల్లు పోకుండా కలవాలి. లేకపోతే లోపలికి రానివ్వరు, ఫీజు పోయినట్టే. కాబట్టి దరఖాస్తు చేసేటప్పుడే పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు రాయండి. మెమోలో పేరు వేరుగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని ఎవాల్యుయేషన్ సంస్థకి ముందే పత్రాలతో చూపించండి. పాస్‌పోర్ట్ రెన్యూవల్ దగ్గర్లో ఉంటే, పేరు మార్పు ఆలోచన ఉంటే, ఆ పని ముగిశాకే పరీక్షకి దరఖాస్తు.

ట్రాన్‌స్క్రిప్టుల కోసం ఉస్మానియా వాళ్లు ఓయూ పరీక్షల విభాగానికి, జేఎన్‌టీయూ వాళ్లు కూకట్‌పల్లికి దరఖాస్తు పెట్టాలి. అవి యూనివర్సిటీ నుంచే నేరుగా ఎవాల్యుయేషన్ సంస్థకి వెళ్లాలి. మీరు స్కాన్ చేసి పంపితే తీసుకోరు. అన్ని సెమిస్టర్ల మెమోలూ, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, కాన్వొకేషన్ ముందే ఒక ఫైల్‌లో పెట్టుకోండి. సప్లిమెంటరీ రాసి పాసైన మెమో ఒకటి ఎప్పుడూ దొరకదు, దాన్ని ముందు వెతకండి.

చివరగా కౌంటర్ దగ్గర. "నో కాస్ట్ ఈఎంఐ" అని చెప్పి ట్యాబ్‌లో ఓటీపీ అడిగితే, అది కోచింగ్ సెంటర్‌కి మీరు కట్టే వాయిదా కాదు, ఏదో ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ పేరు మీద తీసుకునే అప్పు. మీరు క్లాసులు మానేసినా ఆ వాయిదా ఆగదు, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఫీజు వాపసు నిబంధన, అప్పు ఇచ్చే సంస్థ పేరు, జీఎస్టీతో కలిపి మొత్తం, ఈ మూడూ కాగితం మీద చూశాకే ఓటీపీ చెప్పండి. "ఈ ఆఫర్ ఇవాళ ఒక్కరోజే సార్" అంటే నవ్వి వచ్చేయండి, వచ్చే వారం వాళ్లే ఫోన్ చేస్తారు.